కెర్నల్‌లో వేగ పరిమితులు: గరిష్ఠ హద్దుదే పైచేయి

మొబైల్ ఫోన్‌లో ప్రధాన ప్రాసెసర్‌తో పాటు తెర మీది దృశ్యాలను గీసే జీపీయూ, మెమొరీని నడిపే కంట్రోలర్, వీటి మధ్య సమాచారాన్ని చేరవేసే బస్సు వంటి పరికరాలన్నీ క్లాక్ సంకేతానికి లోబడి పనిచేస్తాయి. ఆ సంకేతం సెకనుకు ఎన్నిసార్లు కొట్టుకుంటుందో తెలిపే సంఖ్యే పౌనఃపున్యం. పని ఒత్తిడిని బట్టి దీనిని పెంచుతూ తగ్గిస్తూ ఉండడం ఆపరేటింగ్ సిస్టమ్‌కు మూలమైన కెర్నల్ బాధ్యత. చిప్‌లోని ట్రాన్సిస్టర్లు మారడానికి ఖర్చయ్యే విద్యుత్తు పౌనఃపున్యానికీ, వోల్టేజి వర్గానికీ అనులోమానుపాతంలో ఉంటుంది కాబట్టి, రెండింటినీ 20 శాతం చొప్పున తగ్గించగలిగితే ఆ ఖర్చు దాదాపు సగానికి పడిపోతుంది.

ఏ పౌనఃపున్యానికి ఎంత వోల్టేజి కావాలో జతలుగా రాసి ఉంచిన పట్టిక ఒకటి ప్రతి పరికరానికీ ఉంటుంది. అందులోని ఒక్కొక్క జతను ఇక్కడ మెట్టు అనుకోవచ్చు. పై మెట్టుకు వెళ్లేటప్పుడు ముందు వోల్టేజిని, ఆ తరువాతే పౌనఃపున్యాన్ని పెంచాలి. దిగేటప్పుడు ఈ వరుస తిరగబడుతుంది, లేకపోతే చాలినంత వోల్టేజి లేని చిప్ తప్పుడు ఫలితాలిస్తుంది. ప్రాసెసర్ కాని పరికరాల కోసం లినక్స్ కెర్నల్‌లో ఈ పనిని చూసే విభాగం పేరు డెవ్‌ఫ్రీక్. శాంసంగ్‌కు చెందిన మ్యుంగ్‌జూ హామ్ రూపొందించిన ఈ విభాగం 2012 జనవరిలో విడుదలైన 3.2 కెర్నల్‌తో వాడుకలోకి వచ్చింది. ఏ వేగం కావాలో అంచనా కట్టే భాగాన్ని గవర్నర్ అంటారు. వాటిలో సరళమైన రకం, పరికరం 90 శాతానికి మించి తీరిక లేకుండా ఉన్నట్లు తేలితే నేరుగా గరిష్ఠ వేగాన్ని కోరుతుంది.

అయితే గవర్నర్ అడిగిందే తడవుగా వేగం మారిపోదు. వీడియో ఆగిపోకుండా ఉండాలంటే కనీసం ఇంత వేగం కావాలని ఒక డ్రైవర్, చిప్ వేడెక్కుతున్నందున ఇంతకు మించరాదని ఉష్ణ నియంత్రణ విభాగం, ఛార్జింగ్ మిగలాలని వినియోగదారుడి సెట్టింగు ఒకేసారి హద్దులు విధించవచ్చు. వీరందరూ ఒకే సంఖ్యను దిద్దుకుంటూ పోతే చివర రాసినవారి మాటే చెల్లుతుంది, ముందు చెప్పినవారి అవసరం ఆనవాలు లేకుండా చెరిగిపోతుంది. అందుకే 2020 నాటి కెర్నళ్లలో ఈ హద్దులను సేవా నాణ్యత అభ్యర్థనల పద్ధతికి మార్చారు: ఎవరి అభ్యర్థన వారి పేరిట విడిగా నిలిచి ఉంటుంది, కెర్నల్ వాటన్నిటినీ కలిపి చూస్తుంది. కనిష్ఠ హద్దుల్లో అన్నిటికన్నా పెద్దది, గరిష్ఠ హద్దుల్లో అన్నిటికన్నా చిన్నది అమలవుతాయి.

ఉదాహరణకు 200, 400, 600, 800 మెగాహెర్ట్‌జ్‌ల మెట్లున్న జీపీయూకు ఒక డ్రైవర్ కనీసం 400, మరొకటి కనీసం 600 కావాలంటే కనిష్ఠ హద్దు 600 అవుతుంది. అంతలో వేడి పెరిగి ఉష్ణ నియంత్రణ విభాగం 400 మించరాదంటే, కనిష్ఠం గరిష్ఠాన్ని దాటిపోయిన ఆ చిక్కుముడిలో కెర్నల్ కనిష్ఠాన్నే 400కు దించుతుంది. వీడియో తడబడితే చూసేవారికి విసుగు, చిప్ మాడితే పరికరానికే చేటు కనుక ఈ తీర్పు సరైనదే. వేడి తగ్గి ఆ అభ్యర్థన వైదొలగగానే, 600 కోరిన అభ్యర్థన చెక్కుచెదరకుండా ఉన్నందున కనిష్ఠ హద్దు దానంతటదే పూర్వస్థితికి చేరుతుంది. తన అభ్యర్థనను వెనక్కు తీసుకోవడం మరచిన డ్రైవర్ ఉంటే మాత్రం పని లేకపోయినా వేగం దిగక బ్యాటరీ ఊరికే కరుగుతుంది.

మెట్టు ఎంపికలోనూ ఇదే జాగ్రత్త కనిపిస్తుంది. గవర్నర్ 450 అడిగితే, అడిగినదానికి తక్కువ కాకూడదని సాధారణంగా 600 మెట్టును ఇస్తారు. కాని గరిష్ఠ హద్దు 500 ఉన్నప్పుడు గవర్నర్ 700 అడిగితే, కోరికను 500కు కుదించి, దానికి కింద ఉన్న 400 మెట్టును పట్టుకుంటారు. అంటే హద్దు తగిలిన చోట పైకి కాక కిందికి సవరిస్తారు.

కొలమానాల తేడా దగ్గర మరో చిక్కు ఉంది. డెవ్‌ఫ్రీక్ లెక్కలు హెర్ట్‌జ్‌లలో, అభ్యర్థనల లెక్కలు కిలోహెర్ట్‌జ్‌లలో సాగుతాయి. వినియోగదారుడు గరిష్ఠ హద్దుగా 666666666 హెర్ట్‌జ్ రాసినప్పుడు 1000తో భాగించి శేషాన్ని వదిలేస్తే, తిరిగి హెర్ట్‌జ్‌లలోకి మార్చేసరికి అది 666666000గా మిగులుతుంది. సరిగ్గా 666666666 వద్ద ఉన్న మెట్టు ఆ హద్దుకు ఆవల పడిపోయి, పరికరం కింది మెట్టుకు జారుతుంది. అందుకని కెర్నల్ గరిష్ఠాన్ని పైకి సవరించి 666667 కిలోహెర్ట్‌జ్‌గా నమోదు చేస్తుంది. అనుమతించిన పరిధి పొరపాటున కూడా కుంచించుకుపోకూడదన్నది ఇక్కడి నియమం. కోడ్‌లో ఒక్క పంక్తి తేడాయే అయినా, ఇలాంటి తప్పును పసిగట్టడం బహు కష్టం.

ఈ హద్దులు మిన్ ఫ్రీక్, మ్యాక్స్ ఫ్రీక్ అనే పేర్లతో ఫైళ్ల రూపంలో బయటికి కనిపిస్తాయి. రెండో దానిలో 0 రాస్తే తనవైపు నుంచి హద్దు లేదని చెప్పినట్లు. ఫోన్ వేగాన్ని అమాంతం పెంచుతామనే యాప్‌లను నమ్మే పాఠకులు ఒక సంగతి గుర్తుంచుకోవాలి: ఈ పద్ధతిని అనుసరించే కెర్నల్‌లో అక్కడ ఎంత పెద్ద సంఖ్య రాసినా అది పలు అభ్యర్థనల్లో ఒకటి మాత్రమే, ఉష్ణ నియంత్రణ విధించిన హద్దును అది తొలగించలేదు.