ముఖం మార్చుకొనే మీటలు

మగ్గం నేసేవాని చూపు బట్ట మీద ఉంటుంది గాని, కాళ్ల కింది తొక్కుడు పలకల మీద ఉండదు. హార్మోనియం వాయించే కళాకారుడు మెట్ల వంక చూడడు. స్వరస్థానాలు ఆయన వేళ్లకే తెలుసు. అట్లే టైపు చేయడంలో ఆరితేరినవారు మీటలను చూడరు. వారికి తోడ్పడడానికే కంప్యూటరు కీబోర్డులో చూపుడు వేళ్లుండే 'ఎఫ్', 'జె' మీటలపై చిన్న ఉబ్బులు ఉంటాయి. పనిముట్టు చేతికి లొంగినప్పుడే మనసు పనిమీద నిలుస్తుంది. ఈ సత్యాన్ని మరొకసారి రుజువు చేసింది స్పర్శపట్టీ చరిత్ర.

కీబోర్డుతో తెలుగువారికి ఒక చిక్కు ఉంది. క్రిస్టఫర్ షోల్స్ రూపకల్పన చేయగా, 1874లో రెమింగ్టన్ సంస్థ అమెరికాలో అమ్మకానికి పెట్టిన టైపురైటరు నుండి నేటి మీటల వరుస సంక్రమించింది. అది ఇరవై ఆరు అక్షరాల ఆంగ్లానికి తగినది. అచ్చులు, హల్లులు, గుణింతాలు, ఒత్తులు గల తెలుగు లిపిని అందులో ఇమడ్చడం సులభం కాదు. భారతీయ భాషలకు ఉమ్మడిగా రూపొందిన 'ఇన్‌స్క్రిప్ట్' అమరిక ఈ సమస్యకు ఒక పరిష్కారం చూపింది. ఇందులో అచ్చులు, గుణింతపు గుర్తులు ప్రధానంగా ఎడమచేతి వైపున, హల్లులు ఎక్కువగా కుడిచేతి వైపున ఉంటాయి. 'కె' మీట నొక్కితే 'క', 'డి' మీట నొక్కితే పొల్లు వస్తాయి. 'క', పొల్లు, మళ్లీ 'క' వరుసగా నొక్కితే తెరపై 'క్క' ఏర్పడుతుంది. కనుక ఒత్తులకు వేరే మీటలు అక్కరలేదు. అయినా అరసున్న, బండి ఱ వంటి అరుదైన అక్షరాల స్థానాలను గుర్తుంచుకోవడం కష్టం. ఛందస్సులోని గురులఘు చిహ్నాలకైతే ఆ అమరికలో ప్రత్యేక మీటలే లేవు.

చేసే పనిని బట్టి ముఖం మార్చుకొనే మీటలుంటే ఈ కొరత తీరదా? అటువంటి ఆలోచనతోనే 2016 అక్టోబరులో ఆపిల్ సంస్థ తన మాక్‌బుక్ ప్రో కంప్యూటర్లలో 'టచ్ బార్' అనే స్పర్శపట్టీని ప్రవేశపెట్టింది. కీబోర్డు పై వరుసలోని మీటలకు బదులుగా అమర్చిన సన్నని గాజు తెర ఇది. పొడవున 2170, ఎత్తున 60 వెలుగు చుక్కలతో బొమ్మలను చూపేది. తెరచి ఉన్న అనువర్తనాన్ని బట్టి దానిపై మీటలు మారేవి.

ఈ పట్టీకి కొత్త మీటలు చేర్చే అవకాశం ప్రోగ్రాములు రాసేవారికి కూడా ఉండేది. ఉదాహరణకు, నల్లగొండ జిల్లా మాడుగులపల్లిలో ఒక విద్యార్థి తెలుగు రచనకు ఉపకరించే అనువర్తనాన్ని నిర్మిస్తున్నాడని భావించవచ్చు. అతడు మొదట ప్రతి మీటకూ ఇతర మీటలతో కలవని ఒక గుర్తింపు పేరు పెట్టాలి. తరువాత దానిపై కనిపించవలసిన అక్షరాన్నో, బొమ్మనో నిర్ణయించాలి. వేలు తాకగానే జరగవలసిన పనిని దానితో ముడిపెట్టాలి. చివరగా ఏ సందర్భంలో ఏ మీటలు కనిపించాలో పేర్కొనాలి. పద్యం రాసే చోట గురులఘు చిహ్నాలు, అరసున్న. వచనం రాసే చోట పేరా అమరికలు కనిపించేలా చేయవచ్చు. ఇష్టం వచ్చిన మీటలను ఏరుకొని, వరుస మార్చుకొనే స్వేచ్ఛను రాసేవారికి ఇవ్వడం మరింత ఉచితం.

ఇంత సౌకర్యం ఉన్నా ఆ పట్టీ ఎంతోకాలం నిలువలేదు. నున్నని గాజుపై వేలికి అంచులు తెలియవు. నొక్కిన అనుభూతి ఉండదు. మీట ముఖం మారినప్పుడల్లా చూపు తెరను వదలి కిందికి దిగవలసి వచ్చేది. నిత్యం వాడే 'ఎస్కేప్' మీట సైతం గాజుపై బొమ్మగా మారడం విమర్శలకు గురైంది. 2019లో ఆ మీటను ఆపిల్ తిరిగి విడిగా అమర్చింది. 2021లో వెలువడిన పెద్ద నమూనాలలో పట్టీని తొలగించి, మామూలు మీటలనే పునరుద్ధరించింది. పట్టీ గల చివరి నమూనా అమ్మకం 2023 అక్టోబరులో నిలిచిపోయింది.

ఆ పట్టీ కోసం పడిన శ్రమ అంతా వృథా అయిందా? కాలేదు. పట్టీలో ఉంచిన ప్రతి పనికీ అనువర్తనంలో మరొక మార్గం కూడా ఉండాలని ఆపిల్ సంస్థే నిర్మాతలకు సూచించింది. ఆ సూచనను పాటించిన అనువర్తనాలు పట్టీ పోయినా కుంటుపడలేదు. గురులఘు చిహ్నాలను పట్టీతో పాటు మెనూలోనూ చేర్చినవాని శ్రమ నిలుస్తుంది. పట్టీనే నమ్ముకొన్నవాని శ్రమ పట్టీతోనే పోతుంది.

మీటను చేర్చడం కొన్ని వాక్యాల ప్రోగ్రాముతో ముగిసే పని. ఆ మీట ఎవరి చేతికి, ఏ పని నడుమ, ఎన్నిమార్లు అవసరమో గ్రహించడమే అసలు విద్య. తెలుగు రాసే వేళ్ల కష్టసుఖాలు తెలుగు రాసేవారికే బాగా తెలుసు. కనుక తెలుగుకు తగిన పనిముట్లను తీర్చిదిద్దే బాధ్యత కూడా, ప్రోగ్రాములు నేర్చిన తెలుగు యువతరంపైనే ముందుగా ఉన్నది.