బండి తోక ఎక్కడుంది?

ఊరు కనిపిస్తూనే ఉంటుంది. సంచులన్నీ తలుపు దగ్గరకు చేర్చి, పిల్లలకు చెప్పులు తొడిగి నిలబడతాము. అంతలో బండి ఆగిపోతుంది. "ఔటర్‌లో పెట్టేశాడండీ" అని ఎవరో నిట్టూరుస్తారు. స్టేషన్ అంత దగ్గర ఉండగా, చుట్టూ తుప్పలు తప్ప మరేమీ లేని చోట ఎందుకు ఆపారో తెలియక మనమూ నాలుగు మాటలు విసురుతాము. మేమూ ఎన్నోసార్లు విసిరాము. అక్కడే ఎందుకు ఆపవలసి వస్తుందో మొన్నటి వేసవి సెలవులలో ఒక కంప్యూటర్ ఆట వలన మాకు తెలిసింది. ఆట వలన అనడం కంటే, ఆ ఆట ప్రక్కన కూర్చున్న తాతయ్యగారి వలన అనడం న్యాయం.

ఆట పేరు ఓపెన్ టి.టి.డి. పేరు వినగానే తిరుపతి గుర్తుకు వస్తుంది గాని, దానికీ దీనికీ సంబంధం లేదు. క్రిస్ సాయర్ అనే ఆయన 1994లో 'ట్రాన్స్‌పోర్ట్ టైకూన్' అనే ఆటను తయారు చేశారు. మరుసటి సంవత్సరం అదే 'డీలక్స్' అనే రూపంలో వచ్చింది. ఆ మూడు మాటల మొదటి అక్షరాలే టి.టి.డి. 2004లో లుడ్విగ్ స్ట్రిగేయస్ అనే స్వీడన్ దేశస్థుడు దానిని ఎవరైనా ఉచితంగా ఆడుకొనేలా తిరిగి వ్రాశారు. ఖాళీ నేల మీద పట్టాలు పరచి, బొగ్గు గని నుండి విద్యుత్ కేంద్రానికి, ఒక ఊరి నుండి మరొక ఊరికి బండ్లు నడపాలి. తుపాకులు లేవు, పైసా ఖర్చు లేదు గనుక మేము అభ్యంతరం చెప్పలేదు. రోజుకు గంట అని నియమం పెట్టాము. అది గంటన్నర అయ్యేదన్న సంగతి ఒప్పుకోవాలి.

ఎనిమిదవ తరగతి చదివే మా అబ్బాయి మొదటి వారంలో ఐదు బండ్లు నడిపాడు. రెండవ వారంలో పన్నెండు బండ్లయ్యాయి. మూడవ వారంలో ఒక సాయంత్రం పన్నెండూ ఎక్కడివక్కడ నిలిచిపోయాయి. ఎటు చూసినా ఎర్ర దీపాలే. ఎన్ని ఎక్కువ సిగ్నళ్ళు పెడితే అంత మంచిదని, దొరికిన చోటల్లా నాటాడు. ఇంకా కొన్ని పెడితే చిక్కు విడిపోతుందేమోనని మరో అయిదారు పెట్టాడు. ఏ బండీ కదలలేదు.

తాతయ్యగారు సింగిల్ లైను మీద చిన్న చిన్న స్టేషన్లలో స్టేషన్ మాస్టరుగా పనిచేసి రిటైరయ్యారు. కంప్యూటర్ జోలికి ఎన్నడూ పోయినవారు కారు. కళ్ళజోడు సవరించుకొని కాసేపు తెరవంక చూసి, "ఒరేయ్ నాన్నా, ఈ బండి తోక ఎక్కడుందిరా?" అని అడిగారు.

వాడు ఇంజను వైపే చూస్తున్నాడు. తోకను చూడలేదు.

సంగతేమిటంటే, బండిని పొమ్మనో ఆగమనో చెప్పడం సిగ్నల్ పనిలో సగమే. పట్టాను ముక్కలుగా విడదీసే సరిహద్దు రాయి కూడా అదే. ఒక సిగ్నల్ నుండి మరొక సిగ్నల్ వరకు ఒక ముక్క, దానినే బ్లాక్ అంటారు. ఒక బ్లాకులో ఒక్క బండే ఉండాలి. ముందు బండి తోకతో సహా ఆ ముక్కను ఖాళీ చేస్తేనే వెనుక బండికి పచ్చ దీపం వస్తుంది. మా వాడు రెండు లైన్లు కలిసే జంక్షన్ దాటిన వెంటనే ఒక సిగ్నల్ పెట్టాడు. జంక్షన్‌కు దానికి మధ్య రెండు గళ్ళ స్థలం ఉంది. బండి పొడవు ఐదు గళ్ళు. ఆ సిగ్నల్ ఎర్రగా ఉన్నప్పుడు ఇంజను అక్కడ బుద్ధిగానే ఆగింది, కాని వెనుక మూడు గళ్ళ పెట్టెలు జంక్షన్‌కు అడ్డంగా పడుకొని ఉన్నాయి. ఆ జంక్షన్ ఖాళీ కావాలని మరొక బండి, దాని వెనుక ఇంకొకటి. తీరా చూస్తే మొదటి బండి ఎదురుచూస్తున్నది ఆ వరుసలోని చివరి బండి కోసమే!

"బండి ఎక్కడ నిలబడితే ఎవరికీ అడ్డం కాదో అక్కడ పెట్టరా సిగ్నలు. నిలబడకూడని చోట పెడితే అక్కడే నిలబడుతుంది" అన్నారు తాతయ్యగారు. అనగా సిగ్నల్ జంక్షన్‌కు ముందు ఉండాలి. జంక్షన్ దాటాక పెట్టాలంటే, ఆ మధ్య అన్నింటికంటే పొడవైన బండి పూర్తిగా పట్టాలి. పట్టదా, అక్కడ సిగ్నలే వద్దు. మన ఔటర్ సంగతి కూడా ఇదే. స్టేషన్‌లో మనకు ప్లాట్‌ఫారం ఖాళీ లేనప్పుడు మన బండిని పాయింట్ల మీదకు రానిస్తే, లోపలి బండి బయటికి పోవడానికి దారి ఉండదు. అందుకే తుప్పల మధ్య ఆపుతారు.

సింగిల్ లైను మీద వాడు చేసిన తప్పు మరొకటి. రెండు లూపుల మధ్య ఉన్న ఒంటి పట్టా మీద, సరిగ్గా నడుమ, రెండు వైపులకూ పనిచేసే సిగ్నల్ ఒకటి నాటాడు. దానితో ఆ పట్టా రెండు బ్లాకులయింది. చెరొక కొసన ఉన్న బండికి తన ఎదుటి ముక్క ఖాళీగా కనిపించింది. రెండూ లోపలికి వచ్చి మధ్యలో ముఖాముఖి నిలబడ్డాయి. తాతయ్యగారికి నవ్వు ఆగలేదు. ఆయన కాలంలో ఈ పనికి మిషన్ నుండి టోకెన్ గోళం తీసి డ్రైవరుకు ఇచ్చేవారు. ఆ సెక్షనుకు ఒకసారి ఒక్క గోళమే బయటికి వస్తుంది. గోళం లేనిదే బండి కదలదు. ఆటలో గోళం లేదు గనుక, లూపు నుండి బయలుదేరే చోట మాత్రమే సిగ్నల్ పెట్టి, మధ్యలో ఏమీ పెట్టకుండా వదిలేయాలి.

ఈ ఆటలో 2009 నుండి పాత్ సిగ్నల్ అనేది కూడా ఉంది. మామూలు బ్లాక్ సిగ్నల్ ముక్కనంతా ఒక్క బండికే అప్పగిస్తుంది. పాత్ సిగ్నల్ అయితే బండి వెళ్ళే దారిని మాత్రమే దానికి కేటాయిస్తుంది. దారులు ఒకదానినొకటి దాటకపోతే ఒకే జంక్షన్‌లో రెండు బండ్లు ఒకేసారి పోవచ్చు. నాలుగైదు ప్లాట్‌ఫారాల స్టేషన్ ముఖద్వారం దగ్గర ఇది లేకుంటే రద్దీ తప్పదు.

అయితే ఆటలో లేనిది ఒకటి ఉంది. అక్కడ ఎర్ర దీపం ముందు బండి ఉన్నపళంగా ఆగుతుంది. నిజమైన బండి అలా ఆగదు. అందుకే మన రైల్వేలలో కలర్ లైట్ సిగ్నళ్ళున్న చోట హోం సిగ్నల్‌కు కనీసం కిలోమీటరు ముందుగా డిస్టెంట్ సిగ్నల్ పెడతారు. స్టేషన్ మొదటి స్టాప్ సిగ్నల్ దాటిన తరువాత కూడా 180 మీటర్లు ఖాళీగా ఉంటేనే వెనుక స్టేషన్‌కు లైన్ క్లియర్ ఇస్తారు. డ్రైవరు కొంచెం పొరబడినా ప్రాణాలు దక్కాలని ఆ 180 మీటర్లు. ముందు బండి పూర్తిగా వచ్చిందని రుజువు కూడా కావాలి. అందుకు చివరి పెట్టె వెనుక ఉండే ఎల్.వి. పలకను చూడాలి. తాతయ్యగారు తోకను అడగడం ఆ అలవాటే.

ఒకనాడు ఓపిక నశించి మా వాడు ఎర్ర దీపాన్ని దాటించే మీట నొక్కాడు. ప్యాసింజరు బండి పోయి బొగ్గు బండిని గుద్దుకుంది. మంటలు, పొగ, ఆ తరువాత ఇంతమంది చనిపోయారంటూ తెర మీద ఒక వార్తాపత్రిక. వాడు చప్పట్లు కొట్టి నవ్వాడు. తాతయ్యగారు ఏమీ అనలేదు. లేచి వరండాలోకి వెళ్ళిపోయారు.

ఆ రాత్రి భోజనాల దగ్గర వాడికి ఆర్మా సంగతి చెప్పాము. 1889 జూన్ 12న ఐర్లండులోని ఆర్మా పట్టణంలో మెథడిస్టు సండేస్కూలు వారు పిల్లలను, పెద్దలను కలుపుకొని సముద్రతీరాన వారెన్‌పాయింట్‌కు విహారయాత్రగా బయలుదేరారు. ప్రత్యేక రైలులో 900 మందికి పైగా ఎక్కారు. ఊరు దాటాక ఎత్తులో ఇంజను లాగలేక ఆగింది. సిబ్బంది బండిని రెండుగా విడదీసి, ముందు భాగాన్ని ముందుగా చేర్చుదామనుకున్నారు. విడదీయగానే వెనుక పెట్టెలకు ఇంజను బ్రేకు లేకుండా పోయింది. చేతి బ్రేకు, చక్రాల క్రింద పెట్టిన రాళ్ళు వాటిని నిలపలేదు. పెట్టెలు వెనుకకు జారాయి. ఆ లైనులో అప్పటి పద్ధతి ఏమిటంటే, ముందు బండి పోయి కొన్ని నిమిషాలైతే తరువాతి దానిని వదలవచ్చు. ముందుది చేరిందా లేదా అని చూడనక్కరలేదు. ఆ ప్రకారమే 20 నిమిషాల తరువాత బయలుదేరిన మామూలు బండి అదే పట్టా మీద ఎదురుగా వస్తోంది. 80 మంది చనిపోయారు. వారిలో చాలామంది పిల్లలు. తప్పు మొదట బ్రేకుదే. కాని బ్లాక్ పద్ధతి ఉండి ఉంటే ఆ రెండవ బండి స్టేషన్‌లోనే ఆగి ఉండేది. మూడు నెలలు తిరగకుండానే బ్రిటిష్ పార్లమెంటు చట్టం చేసి, ప్యాసింజరు రైళ్ళకు బ్లాక్ పద్ధతిని, పాయింట్లకు సిగ్నళ్ళకు ఇంటర్‌లాకింగ్‌ను, అన్ని పెట్టెలకూ పనిచేసే ఆటోమేటిక్ బ్రేకును తప్పనిసరి చేసింది.

వాడు అన్నం కెలుకుతూ, "సండేస్కూలు పిల్లలా?" అని మాత్రం అడిగాడు.

మరునాడు తాతయ్యగారు ప్రక్కన కుర్చీ వేసుకున్నారు. వాడు సిగ్నళ్ళు ఒక్కొక్కటే పీకుతూ, ప్రతి జంక్షన్ దగ్గరా గళ్ళు వేలితో లెక్కపెట్టాడు. సగానికి సగం పోయాయి, పన్నెండు బండ్లూ కదిలాయి. బొగ్గు గని దగ్గర మాత్రం ఇప్పటికీ అప్పుడప్పుడు చిక్కు పడుతోంది. లూపు పొడవు పెంచాలని తాతయ్యగారు, ఒక బండి తగ్గిస్తే చాలని మనవడు. ఆ వాదం ఇంకా తెగలేదు.