టెస్ట్ పైలట్ అంటే పరీక్ష రాసే పైలట్ కాదు



ఏడో తరగతి ఇంగ్లిష్ పీరియడ్‌లో రాకేశ్ శర్మ గారి గురించి చెబుతూ “ఆయన టెస్ట్ పైలట్” అన్నాను. వెనక బెంచీ నుంచి ఒక బాబు లేచి, “అంటే ఇంకా పాసవలేదా టీచర్?” అని అడిగాడు. క్లాసంతా నవ్వింది, నేనూ నవ్వాను. ఇంటికి వెళ్లాక ఆలోచిస్తే బాధనిపించింది. మన పిల్లలకు టెస్ట్ అంటే ఒకటే అర్థం: తమకు పెట్టేది, మార్కులు వేసేది.

టెస్ట్ పైలట్ నడిపేటప్పుడు పరీక్ష విమానానికి. కొత్తగా తయారైన విమానాన్నో, మార్పులు చేసిన విమానాన్నో ముందుగా నడిపి, ఎక్కడ తేడా ఉందో ఇంజనీర్లకు చెప్పడం ఆయన పని. మన కళింగపట్నం తీరంలో బోటుకు కొత్త ఇంజన్ బిగిస్తే నేరుగా నడిసముద్రంలోకి వెళ్లరు కదా! ముందు ఒడ్డు దగ్గర తిప్పి చూస్తారు. శబ్దం తేడాగా ఉంటే మెకానిక్‌కు చెబుతారు. ఇదీ అలాంటిదే.

రాకేశ్ శర్మ పాటియాలాలో పుట్టినా చదువుకున్నది హైదరాబాద్‌లో, సెయింట్ జార్జెస్ గ్రామర్ స్కూల్‌లో, నిజాం కాలేజీలో. 1971 యుద్ధంలో మిగ్-21 నడిపారు. తర్వాత వైమానిక దళంలో టెస్ట్ పైలట్ అయ్యారు. 1984 ఏప్రిల్ 3న సోయుజ్ టీ-11లో అంతరిక్షానికి వెళ్లి, దాదాపు 8 రోజులు ఉన్నారు. అక్కడి నుంచి ఇందిరా గాంధీతో ఆయన మాట్లాడిన ఆ కాసేపే టీవీలో దేశానికి గుర్తుండిపోయింది. ఆ తర్వాత హిందుస్థాన్ ఏరోనాటిక్స్‌లో ఏళ్ల తరబడి విమానాలను పరీక్షించారు. ఆ పని ఏ టీవీలోనూ రాలేదు. ఆయనతో సమానంగా శిక్షణ పొందిన రవీశ్ మల్హోత్రా కూడా టెస్ట్ పైలటే. ఆయనకు అంతరిక్షానికి వెళ్లే అవకాశమే రాలేదు.

సినిమాల్లోనూ ఇంతే. 1947 అక్టోబర్ 14న అమెరికా వైమానిక దళ పైలట్ చక్ యేగర్ ఎక్స్-1 విమానంలో మొదటిసారి ధ్వని వేగాన్ని దాటారు. 1983లో వచ్చిన ‘ది రైట్ స్టఫ్’ సినిమాలో ఆయన పాత్రను శామ్ షెపర్డ్ చాలా బాగా చేశారు. యేగర్ కూడా అందులో ఒక చిన్న వేషం వేశారు. గుర్రం మీద నుంచి పడి పక్కటెముకలు విరిగినా, తలుపు మూయడానికి చీపురు కర్ర ముక్క పట్టుకుని ఆయన విమానం ఎక్కడం నిజంగా జరిగిందే.

అయితే సినిమా చూస్తే ఒక్కసారికే రికార్డు వచ్చేసినట్టు అనిపిస్తుంది. నిజానికి యేగర్ ఆ విమానాన్ని అంతకుముందు చాలాసార్లు, కొంచెం కొంచెంగా వేగం పెంచుతూ నడిపారు. ధ్వని వేగానికి దగ్గరవుతుంటే, విమానం ముక్కును పైకీ కిందికీ తిప్పే తోక భాగం పట్టు తప్పింది. ఆయన ఆ సంగతి దాచలేదు. కిందికి దిగి, ఉన్నది ఉన్నట్టు చెప్పారు. జాక్ రిడ్లీ అనే ఇంజనీరు ఆలోచించి, తోక రెక్క మొత్తాన్నీ కదిపి చూద్దామన్నారు. అది పనిచేసింది, రికార్డు తర్వాత వచ్చింది. యేగర్ పరువు పోతుందని ఊరుకుని ఉంటే మరుసటి ప్రయాణంలో ప్రాణమే పోయేదేమో.

ఈ కథ మీకు చెప్పడానికి కారణం ఉంది. ఆ మధ్య ఒక విద్యార్థి నోట్‌బుక్ అట్ట లోపల మడతపెట్టిన రెండు స్లిప్ టెస్ట్ పేపర్లు దొరికాయి. ఇంట్లో తిడతారని దాచాడు. తప్పు వాడిదే అనలేను. “నాన్నగారి సంతకం ఏది?” అని రోజూ నిలబెట్టి అడిగింది నేనే. “ఏ లెక్క అర్థం కాలేదు?” అని ఒక్కసారీ అడగలేదు. తేడా ఎక్కడుందో తెలియకుండా మేమెలా సరిచేస్తాం?

అందుకే ఇప్పుడు పేపర్లు ఇచ్చేటప్పుడు నేను మార్కులు పైకి చదవడం మానేశాను. పిల్లలు తమకు రాని ప్రశ్న ఒకటి చెప్పాలి, అంతే. మీరూ ఇంట్లో “ఎన్ని వచ్చాయి?” అనే ముందు “ఏది రాలేదమ్మా?” అని అడిగి చూడండి. నిజం చెప్పిన రోజు మాత్రం తిట్టకండి.

వెనక బెంచీ బాబుకు మర్నాడు జవాబు చెప్పాను: “పరీక్ష పైలట్‌కి కాదు నాన్నా, విమానానికి.” వాడు కాసేపు ఆలోచించి, “మరి మా స్లిప్ టెస్ట్ ఎవరికి టీచర్?” అన్నాడు. సగం నాకే అని ఒప్పుకున్నాను.