చిన్న పెట్టె అడిగే వాట్లు

తమిళనాడు ధర్మపురిలో ప్లస్ వన్ పిల్లలకు విద్యుత్ ప్రవాహం పాఠం చెప్పి బయటికి వస్తుంటే, ఇంట్లో తెలుగు మాట్లాడుకునే అమ్మాయి ఒకతె వెంటబడి అడిగింది: "సార్, కంప్యూటర్‌కి ఇయర్‌ఫోన్ పెడితే చెవులు అదిరిపోతాయి. అదే జాక్‌కి మా నాన్న పాత మ్యూజిక్ సిస్టమ్ స్పీకర్లు తగిలిస్తే చెవి ఆనిస్తే గానీ వినపడదు. స్పీకర్లు పోయాయా సార్?"

స్పీకర్లకేమీ కాలేదు. కంప్యూటర్ జాక్ నుంచి మహా అయితే 1 వోల్టు వస్తుందనుకుందాం. 32 ఓమ్‌ల ఇయర్‌ఫోన్‌లో ఆ వోల్టు పుట్టించే శక్తి దాదాపు 30 మిల్లీవాట్లు. ఇయర్‌ఫోన్ చెవిలోనే ఉంటుంది కాబట్టి అందులో పదో వంతు కూడా ఎక్కువే. బుక్‌షెల్ఫ్ స్పీకరు సంగతి వేరు. ఓ మాదిరి పెట్టె 1 వాటు తీసుకుని మీటరు దూరంలో 86 డెసిబెళ్ల శబ్దం ఇస్తుంది. 30 మిల్లీవాట్లే ఇస్తే 15 డెసిబెళ్లు తగ్గిపోతాయి, గదిలో ఆ మూలన కూర్చున్న మనిషి దగ్గరికొచ్చేసరికి ఇంకా తగ్గుతాయి. పైగా 8 ఓమ్‌ల స్పీకరుకు 1 వోల్టు నిలబెట్టాలంటే 125 మిల్లీ ఆంపియర్ల కరెంటు కావాలి. జాక్ వెనకున్న చిన్న చిప్పుకు అంత ఓపిక లేదు, వోల్టేజీ అక్కడే కుంగిపోతుంది.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి. 86 డెసిబెళ్లంటే ఇచ్చిన కరెంటులో శబ్దంగా మారేది నూటికి పావు వంతు మాత్రమే, అంటే 0.25 శాతం. మిగతాదంతా వాయిస్ కాయిల్‌ని వేడి చేసి పోతుంది. ఇంత వృథా ఎందుకు? దాని వెనక 1954 నాటి ఒక అందమైన ఆలోచన ఉంది.

అంతకుముందు బేస్ బాగా పలకాలంటే బీరువా అంత పెట్టె కావాలి. స్పీకర్ కోన్‌ని వెనక్కి లాగి పట్టుకునేందుకు గట్టి అంచు ఉండేది. ఆ అంచు కొద్దిగా కదిలినప్పుడు ఒకలా, ఎక్కువ కదిలినప్పుడు ఇంకోలా లాగడంతో బేస్ వంకర పోయేది. అమెరికాలో ఎడ్గర్ విల్చర్ ఆ అంచును మెత్తగా వదులు చేసేసి, పెట్టెను గాలి చొరబడకుండా మూసేశాడు. కోన్ లోపలికి వెళితే పెట్టెలోని గాలి నొక్కుకుపోయి బయటికి తోస్తుంది, బయటికి వస్తే లోపలికి లాగుతుంది. గాలే స్ప్రింగు, అదీ ఏ అంచూ ఇవ్వలేనంత సమంగా పనిచేసే స్ప్రింగు. తన క్లాసుకు వచ్చే హెన్రీ క్లాస్‌తో కలిసి విల్చర్ అకూస్టిక్ రీసెర్చ్ కంపెనీ పెట్టి, ఏఆర్-1 అనే పెట్టెను అమ్మాడు. అలమరలో పుస్తకాల పక్కన కూర్చునే పెట్టెలోంచి గదిని నింపే బేస్ రావడం అక్కడి నుంచే మొదలైంది.

కాకపోతే దానికి మూల్యం కట్టాలి. హెన్రీ క్లాస్ తర్వాత పెట్టిన కేఎల్‌హెచ్ కంపెనీలో 'హెచ్' అక్షరం జోసెఫ్ ఆంటన్ హాఫ్‌మన్‌ది. ఆయన పేరుతో ఒక నియమం ఉంది. చిన్న పెట్టె, లోతైన బేస్, తక్కువ కరెంటుకే ఎక్కువ శబ్దం, ఈ మూడింటిలో ఏ రెండైనా కోరుకోవచ్చు, మూడోది వదులుకోవాల్సిందే. స్పీకర్ల మీద చెప్పిన మాటల్లో నాకు దీన్ని మించినది కనపడలేదు. అలమరలో పట్టే పెట్టె కొన్నవాడు, తెలిసినా తెలియకపోయినా, వాట్లు ఇస్తానని ఒప్పుకున్నట్టే. ఆ అమ్మాయి స్పీకర్లు అడుగుతున్నవీ ఆ వాట్లే.

మన ఊళ్లలో ఆ వాట్లను ఎన్నో ఏళ్లు ఇచ్చినవి అసెంబుల్డ్ సెట్లు. ఎల్‌ఏ4440 గానీ టీడీఏ2030 గానీ ఐసీ ఉన్న బోర్డు, 12-0-12 ట్రాన్స్‌ఫార్మర్, లావుపాటి ఫిల్టర్ కెపాసిటర్, ఐసీకి బిగించిన అల్యూమినియం హీట్‌సింక్. వాటి మీద నాకు గౌరవం ఉంది, ఎన్ని పెళ్లిళ్లను, ఎన్ని టీ అంగళ్లను పాడించాయో. కానీ వాటి లోపల ట్రాన్సిస్టర్ చేసే పని ఒకటే, సప్లయ్‌కీ స్పీకర్‌కీ మధ్య తగ్గే పెరిగే నిరోధంగా నిలబడటం. పాట ఎంత వోల్టేజీ అడిగితే అంత వదిలి, మిగిలింది తన ఒంటి మీదే వేడిగా భరిస్తుంది. లెక్కల్లో ఈ పద్ధతికి గరిష్ఠ సామర్థ్యం 78.5 శాతం, అదీ పూర్తి గొంతుతో అరిచినప్పుడు. మనం వినేది ఎప్పుడూ అంత గట్టిగా ఉండదు. పదో వంతు శక్తి దగ్గర ఆ సామర్థ్యం 25 శాతానికి పడిపోతుంది. అంటే లాగిన కరెంటులో ముప్పాతిక హీట్‌సింక్‌కే పోతుంది.

పాత ఇళ్లలో గోడకు బిగించిన పెద్ద డబ్బా ఫ్యాన్ రెగ్యులేటర్ గుర్తుందా? ఫ్యాన్ నెమ్మదిగా తిప్పితే డబ్బా వెచ్చబడేది. లోపలున్న తీగచుట్ట మిగులు కరెంటును కాల్చేది. ఇప్పటి చిన్న ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్ అలా కాల్చదు, కరెంటు ప్రతి అలలో కొంత భాగాన్ని అసలు పోనివ్వకుండా ఆపుతుంది. పూర్తిగా ఆపడం, లేదా పూర్తిగా వదలడం. నిరోధంగా మధ్యలో నిలబడితేనే వేడి. క్లాస్ డి అనే ఇంకో రకం ఆంప్లిఫయర్ ఆత్మ ఇదే.

మూసిన స్విచ్ మీద వోల్టేజీ దాదాపు ఉండదు, తెరిచిన స్విచ్ గుండా కరెంటు పారదు. శక్తి అంటే ఈ రెండింటి గుణకారం కదా, ఏదో ఒకటి సున్నా అయితే వేడీ సున్నాయే. కానీ ఆన్, ఆఫ్ తప్ప మరేమీ తెలియని స్విచ్‌తో వీణ తీగ మీది గమకాన్ని పలికించడం ఎలా?

ఒక త్రికోణపు అల తీసుకోండి, సెకనుకు 4 లక్షల సార్లు పైకెక్కి దిగేది. దాన్నీ పాటనూ ఒక కంపారేటర్‌కి ఇవ్వండి. కంపారేటర్ అడిగేది ఒక్కటే ప్రశ్న: ఈ క్షణాన ఏది ఎత్తుగా ఉంది? పాట ఎత్తుగా ఉంటే స్విచ్ ఆన్, త్రికోణం ఎత్తుగా ఉంటే ఆఫ్. పాట నిశ్శబ్దంగా ఉంటే ఆన్ కాలం, ఆఫ్ కాలం సరిసమానం. పాట పైకి లేస్తే త్రికోణపు కొన మాత్రమే దాన్ని దాటుతుంది, కాబట్టి ఆన్ కాలం వెడల్పవుతుంది. కిందికి దిగితే సన్నబడుతుంది. పాట ఎత్తు పల్స్ వెడల్పుగా మారిపోయింది, అంతే! సెకనుకు వెయ్యి సార్లు ఊగే స్వరం ఒక్క ఊపు ఊగేలోపు 400 పల్స్‌లు దాని ఆకారాన్ని రాసేస్తాయి. నల్లబల్ల మీద ఈ రెండు అలలూ గీసి, అవి కలిసే చోటల్లా నిలువు గీత కిందికి దించితే, ఆ గీతల మధ్య పల్స్‌లు వాటంతట అవే పుడతాయి. దీనికి సమీకరణం కూడా అక్కర్లేదు.

ఆ పల్స్‌ల గుంపులోంచి మళ్లీ పాటను పిండేది ఒక ఇండక్టర్, ఒక కెపాసిటర్. ఆంప్లిఫయర్ బోర్డు మీద చిప్పు కాళ్లకు దగ్గరగా దిమ్మెల్లా కూర్చునే ఇండక్టర్లు అవే. 10 మైక్రోహెన్రీల చుట్టకు 0.68 మైక్రోఫారడ్ కెపాసిటర్ కలిపితే దాదాపు 60 కిలోహెర్ట్జ్ వరకూ దారి ఇస్తుంది, ఆ పైది ఆపుతుంది. మనిషి చెవి వినేది 20 కిలోహెర్ట్జ్ లోపే, స్విచ్ కొట్టేది 400 దగ్గర. మధ్యలో అంత ఖాళీ ఉంది కాబట్టే రెండే రెండు సామాన్లు చాలు.

ఇంత తేలికైన ఆలోచన ఇన్నాళ్లు ఎందుకు ఆగింది? స్విచ్‌ల వల్లే. పైన ఒక ట్రాన్సిస్టరు, కింద ఒకటి ఉంటాయి. ఒకటి ఆఫ్ కాకముందే రెండోది ఆన్ అయితే సప్లయ్ నేరుగా గ్రౌండ్‌కి పారి రెండూ మాడిపోతాయి. అందుకని రెండూ ఆగి ఉండే చిన్న విరామం పెట్టాలి. ఆ విరామం పెరిగే కొద్దీ పాట పాడవుతుంది. కాబట్టి ట్రాన్సిస్టర్లు సెకనులో వంద కోట్ల వంతులు లెక్కపెట్టే వేగంతో మారగలగాలి. 1950లలో ఆలోచన పుట్టించిన బ్రిటిష్ ఇంజనీరు అలెక్ రీవ్స్ దగ్గర అలాంటివి లేవు. డిజిటల్ టెలిఫోన్‌కి మూలమైన పల్స్ కోడ్ మాడ్యులేషన్‌ని 1937లోనే కనిపెట్టిన ఆయనకు కాలం కన్నా ముందుండటం అలవాటే. 1964లో క్లైవ్ సింక్లెయిర్ ఎక్స్-10 పేరుతో క్లాస్ డి ఆంప్లిఫయర్‌ని కిట్‌గా అమ్మాడు. అప్పటి ట్రాన్సిస్టర్లు ఆ వేగానికి తూగలేదు, చెప్పినన్ని వాట్లు రాలేదు, పైగా చుట్టుపక్కల రేడియోల్లోకి గోల చేరింది. సింక్లెయిర్ ధైర్యం నాకు నచ్చుతుంది గానీ, ఆ కిట్ కొన్నవాళ్ల బాధ కూడా అర్థమవుతుంది.

తర్వాతి కథ చకచకా నడిచింది. వేగంగా మారే మాస్‌ఫెట్ ట్రాన్సిస్టర్లు వచ్చాయి. 1990ల చివర్లో ట్రైపాత్ కంపెనీ టీఏ2020 చిప్పు తెచ్చింది. అవుట్‌పుట్‌ని తిరిగి చూసుకుంటూ తప్పుల్ని అప్పటికప్పుడు దిద్దుకునే దాని తీరు, చవకరకం డబ్బాలోంచి కూడా చెవులు ఆశ్చర్యపోయే శబ్దం తెప్పించింది. ఆ కంపెనీ 2007లో దివాలా తీసింది, చిప్పు కీర్తి మిగిలింది. ఈరోజు బెంగళూరు ఎస్.పి. రోడ్డులో గానీ చెన్నై రిచీ స్ట్రీట్‌లో గానీ కొన్ని వందల రూపాయలకు దొరికే బోర్డుల్లో ఎక్కువగా కనిపించేది టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వాళ్ల టీపీఏ3116.

ఆ అమ్మాయికి నేను చెప్పింది కూడా అదే. ఆ చిప్పు 4.5 నుంచి 26 వోల్టుల దాకా తీసుకుంటుంది. అంటే పాడైన ల్యాప్‌టాప్ తాలూకు 19 వోల్టుల చార్జరు ఇంట్లో ఉంటే సప్లయ్ ఖర్చే లేదు. 19 వోల్టులకు 8 ఓమ్‌ల స్పీకర్‌లో దాదాపు 20 వాట్లు వస్తాయి, గదికి అది ఎక్కువే. కంప్యూటర్ జాక్ నుంచి బోర్డుకు ఒక స్టీరియో కేబుల్, బోర్డు నుంచి స్పీకర్లకు రెండేసి వైర్లు. కంప్యూటర్ వాల్యూమ్ పైకి పెట్టి, బోర్డు మీది నాబ్‌తో తగ్గించుకుంటే బుస తక్కువగా ఉంటుంది. గుయ్యిమని శబ్దం వస్తే ముందు కంప్యూటర్‌నీ చార్జర్‌నీ ఒకే స్పైక్ బస్టర్‌కి మార్చి చూడాలి, రెండు చోట్ల ఎర్త్ కావడం వల్ల కేబుల్‌లో చుట్టు తిరిగే కరెంటే చాలాసార్లు దానికి కారణం.

ఒక జాగ్రత్త మాత్రం తప్పనిసరి. ఈ చిప్పులు స్పీకర్ రెండు వైర్లనూ చెరోవైపు తోస్తాయి, ఒక్కటీ గ్రౌండ్ కాదు. పాత సెట్లలో అలవాటుగా చేసినట్టు రెండు స్పీకర్ల నల్ల వైర్లనూ కలిపేసినా, వాటిని బోర్డు నెగటివ్‌కి తగిలించినా చిప్పు పోవచ్చు. నాలుగు వైర్లు నాలుగుగానే ఉండాలి.

చివరిగా ఎరుపు, నలుపు చూసుకోవాలి. ఒక స్పీకర్‌కి అటూ ఇటూ అయితే ఒక కోన్ ముందుకొచ్చే వేళ రెండోది వెనక్కి పోతుంది, ఒకటి నెట్టిన గాలిని ఇంకొకటి లాగేస్తుంది. గొంతులు వినపడతాయి, మృదంగం మాత్రం మాయమవుతుంది. ఒక్క స్పీకర్ వైర్లు తిప్పి తగిలిస్తే తేడా వెంటనే తెలుస్తుంది.