పట్నమునకు వచ్చు పేద విద్యార్థి

ఏటేట జూను, జూలై మాసములు వచ్చినంతనే హైదరాబాదు మహాత్మాగాంధీ బస్సు స్టేషనులోను, కాచిగూడ, సికిందరాబాదు రైలు స్టేషనులలోను ఒకే దృశ్యము కానవచ్చును. ఒకచేత పెట్టెను, ఒకచేత ఆవకాయసీసా గల సంచిని పట్టుకొని పదునెనిమిదేండ్ల పిల్లవాడు దిగును. వెనుక తండ్రి దిగును. పంట అమ్మగా వచ్చినదో, వడ్డీకి తెచ్చినదో కొంత సొమ్ము ఆయన చొక్కా లోపలిజేబులో నుండును. ఇరువురును ఎండలో వీధివీధిని టులెట్ బోర్డులు చదువుచు తిరుగుదురు. సాయంకాలమునకు ఏ మూడవ అంతస్తుననో ఒక మంచము కుదురును. తండ్రి రాత్రి బస్సెక్కును. కొడుకు పట్నవాసి యగును. ఆ పిల్లవానిని పట్నమెట్లు ఆదరించుచున్నదను విషయమును నేడు పాఠకుల యెదుట ఉంచదలచితిమి.

చదువుకై ఊరు విడుచుట మనకు క్రొత్తగాదు. ఒకప్పుడు సర్కారు జిల్లాల పిల్లలకు న్యాయశాస్త్రమనినను వైద్యమనినను చెన్నపట్నమే గతి. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయము నెలకొనిన పిదపనే ఉన్నతవిద్య కొంత చేరువయ్యెను. ఆ దినములలో పేద విద్యార్థులను నిలిపినది వారముల పద్ధతి. ఏడు దినములకు ఏడిండ్లు కుదుర్చుకొని, దినమునకొక గడపలో భోజనము చేసి చదువుకొనినవారు మన పెద్దలలో ఎందరో కలరు. టంగుటూరి ప్రకాశము పంతులుగారి తల్లి ఒంగోలులో పూటకూళ్ల యిల్లు నడిపి కొడుకును చదివించెను. ఉపాధ్యాయులైన ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారు రాజమహేంద్రవరమునకు తరలిపోవుచు ఆ బాలుని తమ వెంట తీసికొనిపోయిరి. ఆ తల్లి వంటయు, ఆ గురువు ఆదరమును లేకున్న ఆ విద్యార్థి ఏమై యుండెడివాడో ఊహించుకొనవచ్చును.

హైదరాబాదున 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయము వెలసెను. ఆ సంవత్సరముననే రాజబహద్దూరు వెంకటరామారెడ్డిగారి పూనికతో రెడ్డి వసతిగృహము ఏర్పడెను. తరువాత సురవరము ప్రతాపరెడ్డిగారు దాని నిర్వహణమునకు పాటుపడిరి. జిల్లాలనుండి వచ్చిన తెలుగు పిల్లలకు అట్టి గృహములు కూడునీడలతోపాటు భాషాభిమానమును గూడ ఒసగినవి. అయినను నాటి దినములే మేలని మేమనజాలము. వారమిచ్చు గడప అందరికిని తెరువబడలేదు. అంటరానివాడని దూరముంచబడిన బాలునికి ఏడిండ్లు గాదు, ఒక యిల్లైనను దొరకెడిదిగాదు. స్వాతంత్ర్యానంతరము ప్రభుత్వములు నెలకొల్పిన సాంఘిక సంక్షేమ వసతిగృహములే ఆ పిల్లలకు తలుపు తెరచినవి. కావున మనము పాతపద్ధతిని పునరుద్ధరింపవలెనని కోరుట లేదు. ఆ పద్ధతిలోని బాధ్యతను మాత్రము జ్ఞప్తికి తెచ్చుచున్నాము.

నేడు ఆ బాధ్యతను మోయువారెవ్వరు? అమీరుపేట, దిల్‌సుఖ్‌నగరు, అశోకనగరు ప్రాంతములలో ప్రతి సందున హాస్టలు బోర్డు కలదు. అచ్చట అద్దెకిచ్చునది గదికాదు, మంచము. ఇద్దరి షేరింగుకు ఒక వెల, నలుగురి షేరింగుకు ఒక వెల. అడ్వాన్సు ముందుగా చెల్లింపవలెను. విడిచిపోవునపుడు మెయింటెనెన్సు పేరిట కొంత కోసికొందురు. నెలరోజులు ముందుగా చెప్పలేదని కొందరు మొత్తమును ఉంచుకొందురు. వ్రాతకాగితము లేదు గనుక అడుగుటకును ఆధారముండదు. యజమానులందరును దుష్టులని మా అభిప్రాయముగాదు. వారిలో పలువురు ఆ భవనమును తామే అద్దెకు తీసికొని, కరెంటు, నీటి ట్యాంకరు, గ్యాసు ఖర్చులతో ఈదులాడుచున్నవారే. కాని కష్టము ఎవరిదైనను కడకు దాని బరువు మంచముపై పండుకొనిన పిల్లవానిమీదనే పడుచున్నది.

ఒక లెక్క వేసి చూతము. తండ్రి నెలకు 9,000 రూపాయలు పంపగలడనుకొందము. భోజనముతో మంచమునకు 6,000 పోగా, బస్సు, ఫోను, జిరాక్సు, సబ్బు, మందుమాకులకు 3,000 మిగులును. కాగితముపై లెక్క సరిపోయినది. కాని మొదటినెల అట్లుండదు. 6,000 అద్దెతోపాటు 3,000 అడ్వాన్సు. పరుపు, బకెట్టు, తాళము మొదలగువానికి 1,500. తండ్రికొడుకుల దారిఖర్చు మరియొక 1,500. ఆనాటికే 12,000 చెల్లిపోయినవి. నెల గడచుటకు కావలసిన 3,000 చేర్చినచో 15,000 అగును. చేతనున్నది 9,000. ఆ లోటు 6,000 నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన, నెలకు 180 రూపాయలు వడ్డీయే యగును. పట్నములో పేద విద్యార్థి మొదటి తరగతికి పోకమునుపే అప్పులోనుండుట కిదియే కారణము. ఊరినుండి బయలుదేరు ప్రతి కుటుంబమును నెలఖర్చును మాత్రమేగాక మొదటి దినపు ఖర్చును వేరుగా లెక్కించుకొనవలెనని మా మనవి.

విద్యార్థికిని రెండు మాటలు చెప్పవలసియున్నది. 1888లో చదువుకై లండను చేరిన గాంధీమహాత్ముడు తొలుత అచ్చటి నాగరకతకు లోబడి వ్యయము చేసెను. పిదప మేల్కొని, పెద్దబస విడిచి ఒక్క గదిలోనికి మారి, స్వయముగా వండుకొని, బండిచార్జీ లేకుండ దినమునకు ఎనిమిది పది మైళ్లు నడచి, పైసపైసకును పద్దు వ్రాసెను. పద్దు వ్రాయుట నేడు మరింత అవసరము. ఫోను చూపగనే చెల్లిపోవు సొమ్ము చేతిలోనుండి పోయినట్లే తోచదు. ఆర్టీసీ విద్యార్థి పాసు తీసికొనుము. చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయమును, 1891లో అసఫియా పేర స్థాపింపబడి నేడు అఫ్జల్‌గంజులో నున్న రాష్ట్ర కేంద్ర గ్రంథాలయమును నీవే. అచ్చట కూర్చుండుటకు రీడింగు రూముల వలె నెలరుసుము లేదు. నగరములో 2014లో మొదలైన అయిదు రూపాయల భోజనము తినుట చిన్నతనము గాదు. సొమ్ము మిగుల్చుకొనుటకై పూటభోజనము మానుటయే తప్పు. అట్లు మిగిలినది ఆసుపత్రికే పోవును.

కష్టపడినవారే పైకి వత్తురని, సౌకర్యములు పెరిగిన చదువు తరుగునని కొందరు పెద్దలందురు. తాము అరటిపండు తిని పండుకొనిన రాత్రులను నిదర్శనముగా చూపుదురు. వారి కష్టమును మేము గౌరవింతుము. కాని మనకు వినబడునది గట్టెక్కినవారి మాటయే. అడ్వాన్సు చెల్లింపలేక, జ్వరముపడి, రెండవనెలలోనే పెట్టె సర్దుకొని తిరుగుబస్సెక్కినవాడు స్వీయచరిత్ర వ్రాయడు. ఆడుపిల్ల విషయమున ఈ మాట మరింత నిజము. నమ్మదగిన బస దొరకలేదను ఒక్క కారణమున ఇంటర్మీడియటుతోనే చదువు ముగిసిన బాలికలు ప్రతి మండలమునను కలరు. వారి లెక్క ఏ కళాశాల రిజిస్టరులోను ఉండదు.

చవకకై ప్రాణమునే ఒడ్డవలసివచ్చుట మరింత ఘోరము. 2024 జూలై 27వ తేదీన ఢిల్లీ పాత రాజేంద్రనగరులో ఒక కోచింగు కేంద్రపు నేలమాళిగలోని పఠనశాలలోనికి వాననీరు చొచ్చుకొనివచ్చి ముగ్గురు విద్యార్థులు మరణించిరి. చదువుకొనుటకు కూర్చుండిన చోటనే మునిగిపోయిరి. ఇరుకు మెట్లు, ఒకే ద్వారము, కిటికీలులేని గదులు మన నగరములలో లేవా యని ప్రతివారును తమ వీధినే చూచి చెప్పవచ్చును.

కావున మేము కోరునది మూడు సంగతులు. ఉపకారవేతనమును, ఫీజు బకాయిలను సకాలమున చెల్లింపవలెను. అవి ఆలస్యమైనపుడు కళాశాల వారు సర్టిఫికెట్లు నిలుపుదల చేయుట, పిల్లవాడు పై చదువునకో ఉద్యోగమునకో పోలేకుండుట ఇటీవలి సంవత్సరములలో రెండు తెలుగు రాష్ట్రములును ఎరిగినదే. ప్రతి హాస్టలును నమోదుచేసి, అగ్నిభద్రతను, నీటిని పరీక్షించి, అడ్వాన్సు షరతులను వ్రాతపూర్వకముగా ఇప్పింపవలెను. అన్నిటికంటె ముందు, కులమత భేదము లేని ప్రభుత్వ వసతిగృహములను, ముఖ్యముగా బాలికలకు, చదువులు గల చోటనే కట్టింపవలెను. 2024 జూనులో జీఎస్టీ మండలి, నెలకు 20,000 రూపాయలు మించక తొంబది దినములు ఎడతెగకుండ నుండువారి వసతికి పన్ను మినహాయింపును సూచించెను. అది మంచిదే, కాని పన్ను తీసివేసినంతమాత్రమున మంచము దొరకదు.

ప్రభుత్వముతోనే పని తీరదు. నేడు నగరమున స్థిరపడినవారిలో అత్యధికులు ఒకనాడు పెట్టెతో దిగినవారే. తమ ఊరినుండి వచ్చు పిల్లలకు మొదటివారము తలదాచుకొను చోటు, నమ్మదగిన ఒక ఫోను నంబరు, తిరిగి చెల్లింపగల చిన్న చేబదులు వారు ఏర్పరుపలేరా? నాటి వారములలోని భిక్షాభావము పోయి స్నేహభావము నిలుచును. ఆ రాత్రి తిరుగుబస్సులో కూర్చుండిన తండ్రికి కన్నుమూతపడవలెనన్న, తన బిడ్డ ఈ నగరమున ఒంటరివాడు గాడని ఎవరైన ఒకరు చెప్పవలెను. ఆ మాట చెప్పుటకు మన పట్నవాసులు ముందుకు వత్తురుగాక.