విమానయానం – వ్యక్తి స్వేచ్ఛ

విమానాశ్రయంలో ప్రయాణికుడు రెండు విధాలైన తనిఖీలకు లోనవుతాడు. మొదటిది అతని దేహానికి, సామానుకు సంబంధించినది. రెండవది అతని చేతిలోని చిన్న పుస్తకానికి, అనగా పాస్‌పోర్టుకు సంబంధించినది. మొదటిదాని అవసరాన్ని ఎవరూ కాదనలేరు. 1999 డిసెంబరులో ఖాట్మండు నుండి ఢిల్లీకి బయలుదేరిన విమానాన్ని దుండగులు కాందహారుకు తరలించిన పిదప, మన విమానాశ్రయాల రక్షణ 2000వ సంవత్సరం నుండి క్రమక్రమంగా కేంద్ర పారిశ్రామిక భద్రతా దళానికి అప్పగింపబడినది. ఆ తనిఖీ అందరికీ ఒక్కటే. (మినహాయింపు పొందిన ప్రముఖుల సంగతి వేరు!)

మనం యోచించవలసినది రెండవదానిని గురించి. గల్ఫ్ దేశాలకు ఉద్యోగార్థమై, అమెరికాకు విద్యార్థమై పిల్లలను పంపుతున్న మన ఇండ్లలో ఈ పుస్తకం విలువ తెలియనివారు లేరు. అయితే స్వాతంత్ర్యం వచ్చిన తరువాత దాదాపు ఇరువది ఏండ్లు పాస్‌పోర్టు జారీని క్రమబద్ధం చేసే చట్టమే లేదు. ఇచ్చుట, మానుట అధికారుల ఇష్టం. 1966లో సత్వంత్ సింగ్ సాహ్నీ అనే వ్యాపారిని పాస్‌పోర్టులు తిరిగి అప్పగించమనగా, ఆయన సుప్రీంకోర్టును ఆశ్రయించారు. 1967 ఏప్రిల్ 10న ఆ తీర్పు వ్రాసినవారు ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు గారు, రాజమహేంద్రవరంలో జన్మించిన మన తెలుగువారు. విదేశయానం రాజ్యాంగం 21వ అధికరణంలోని వ్యక్తి స్వేచ్ఛలో భాగమనీ, చట్టం లేకుండా దానిని హరించరాదనీ ఆ తీర్పు సారాంశం. ఇది ఏకగ్రీవం కాదు. ఐదుగురిలో ఇద్దరు విభేదించారు. వారిలో జస్టిస్ హిదాయతుల్లా గారు ఒకరు. అంతటి విద్వాంసుని వాదనను తేలికగా త్రోసివేయలేము గాని, సామాన్యునికి అండ సుబ్బారావు గారి మాటలోనే ఉన్నది.

అదే సంవత్సరం జూన్‌లో పాస్‌పోర్టుల చట్టం వచ్చింది. చట్టం ఉన్నంత మాత్రాన న్యాయం ఉన్నట్లేనా? 1977 జూలైలో మేనకా గాంధీ పాస్‌పోర్టును 'ప్రజాహితం' పేరిట స్వాధీనం చేయమన్నారు. కారణాలు చెప్పుట కూడ ప్రజాహితానికి భంగమట! 1978 జనవరి 25న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, చట్టం విధించే పద్ధతి న్యాయంగా, సహేతుకంగా ఉండాలనీ, బాధితుని మాట వినాలనీ ప్రకటించినది. అయినను ఆ పాస్‌పోర్టు మాత్రం అప్పటికి న్యాయస్థానం అధీనంలోనే ఉండిపోయినది.

నేడు పాస్‌పోర్టు చేతిలో ఉన్నను, 'లుక్ అవుట్ సర్క్యులర్' వలన ఇమిగ్రేషన్ బల్ల వద్ద ప్రయాణం ఆగిపోవచ్చును. తన పేరు ఆ జాబితాకు ఎక్కినదని చాలమందికి అక్కడ నిలిచిన తరువాతనే తెలుస్తున్నది. 2015 జనవరిలో బ్రిటిష్ పార్లమెంటు సభ్యులతో మాట్లాడుటకు లండన్ బయలుదేరిన ఒక పర్యావరణ కార్యకర్తను ఢిల్లీ విమానాశ్రయంలో నిలిపివేశారు. మార్చిలో ఢిల్లీ హైకోర్టు ఆ సర్క్యులర్‌ను రద్దు చేసినది. తీర్పు ఆమె పక్షాననే వచ్చినది గాని, ఆమె ఎక్కవలసిన విమానం రెండు నెలల క్రితమే వెళ్లిపోయినది.