రాత్రివేళ గొర్రెల మంద పరిశీలన: విస్తరణలో దాని ప్రాధాన్యం

నాగార్జునసాగర్ ఎడమ కాలువ ఆయకట్టులోని కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాలలోను, సూర్యాపేట పరిసర గ్రామాలలోను వరి కోతలు ముగిసిన పొలాలలో గొర్రెల మందలను రాత్రిపూట నిలపడం చిరకాలంగా వస్తున్న పద్ధతి. పగలు కొయ్యకాళ్లలో మేసిన జీవాలను చీకటి పడేసరికి మడిలో వల కట్టి లోపలికి తోలుతారు. రాత్రి పడే పెంట, మూత్రం పొలానికి ఎరువు. అందుకు రైతు ఇచ్చే ధాన్యం లేదా నగదు కాపరికి ఆదాయం. అయితే విస్తరణ సిబ్బంది మందను చూసేది సాధారణంగా పగటివేళ. మేత హడావుడిలో కనిపించని అనారోగ్యం రాత్రి విశ్రాంతి సమయంలో ముందుగా బయటపడే అవకాశం ఉంది.

నెమరు, నిద్ర

గొర్రె రోజుకు సుమారు 8 గంటలు నెమరు వేస్తుంది. అందులో ఎక్కువ భాగం రాత్రివేళే. ఒక్కొక్క ముద్దను దాదాపు నిమిషంపాటు నమిలి మింగుతుంది. కొన్ని క్షణాల విరామం తరువాత మరో ముద్ద నోటిలోకి వస్తుంది. గాఢనిద్ర స్వల్పం, అదీ విడతలు విడతలుగా. ఆరోగ్యవంతమైన జీవం కాళ్లు మడిచి రొమ్ముపై పడుకుంటుంది. ఈ భంగిమలోనే పొట్టలోని వాయువు త్రేన్పుల ద్వారా సులభంగా వెలుపలికి పోతుంది.

ఆండీస్ పర్వత ప్రాంతపు లామా, అల్పాకాలు కూడా ఇదే విధంగా పడుకుని నెమరు వేస్తాయి. కాని అవి మందంతా కలిసి ఒకేచోట పెంట వేస్తాయి. ఆ కుప్పల నుండి ఎరువును పొలానికి మోయవలసిందే. గొర్రెలు పడుకుని లేచిన చోటనే వేస్తాయి. మంద కట్టే పద్ధతికి ఈ స్వభావమే ఆధారం.

ప్రమాద సూచనలు

కోత యంత్రం వెనుక రాలిన ధాన్యాన్ని అధికంగా తిన్న గొర్రె పొట్టలో లాక్టిక్ ఆమ్లం పెరుగుతుంది. నెమరు ఆగిపోవడం, ఎడమ డొక్క నిండుగా ఉండడం, పళ్లు కొరకడం, పారుడు దీని లక్షణాలు. చికిత్స ఆలస్యమైతే ప్రాణాపాయం తప్పదు.

నీలినాలుక వ్యాధిని వ్యాపింపజేసే క్యూలికాయిడిస్ జాతి సన్నదోమలు సంధ్యవేళ నుండి తెల్లవారుజాము వరకు చురుకుగా కుడతాయి. తడి మన్ను, పెంట కలిసిన చోట్ల ఇవి వృద్ధి చెందుతాయి. కనుక వర్షాకాలంలోను, ఆ తరువాత కొంతకాలం వరకును మందను మెరక, పొడి నేలపై నిలపాలి. వేపాకు పొగ తాత్కాలిక ఉపశమనమే. వర్షాలకు ముందు వేయించే టీకాకు అది ప్రత్యామ్నాయం కాదు. మందకు దూరంగా ఒంటరిగా నిలబడడం, మూతి వాపు, కుంటు కనిపించిన జీవాన్ని వెంటనే వేరు చేయాలి.

పరిశీలన విధానం

2017 జూన్‌లో రాష్ట్ర ప్రభుత్వం ప్రారంభించిన పంపిణీ పథకంలో ఒక్కో యూనిట్‌కు 20 ఆడ గొర్రెలు, ఒక పొట్టేలు ఇచ్చారు. ఇంతటి చిన్న మందను ఒక్కరే సులభంగా పరిశీలించవచ్చు.

జీవాలకు వీపుపై రంగు గుర్తులు వేసి, రాత్రి 9, 12, 3 గంటలకు వల బయట నిలబడి చూడాలి. నేరుగా టార్చి వేస్తే మంద బెదిరి నెమరు ఆపివేస్తుంది. టార్చికి ఎర్ర గుడ్డ చుట్టడం మేలు. మంద సర్దుకున్న తరువాత నెమరు వేస్తున్నవి, నిద్రిస్తున్నవి, నిలబడినవి, విడిగా ఉన్నవి ఎన్నో నమోదు చేయాలి. ఒకే జీవం మూడుసార్లూ నెమరు వేయక విడిగా కనిపిస్తే తెల్లవారగానే పశువైద్యునికి చూపించాలి. ఇది రోగనిర్ధారణ కాదు. పరీక్ష అవసరమని తెలిపే సూచన మాత్రమే.

మంద మధ్యనే మంచం వేసుకుని పడుకునే కాపరికి ఈ లక్షణాలలో కొన్ని అనుభవపూర్వకంగా తెలిసినవే. ఆ అనుభవాన్ని నమోదు రూపంలోకి తేవడం విస్తరణ శాస్త్రవేత్తల బాధ్యత. గడ్డిపల్లి, కంపాసాగర్ కృషి విజ్ఞాన కేంద్రాల శిక్షణలలోను, రెండేళ్లకొకసారి దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతరకు తరలివచ్చే కాపరుల మధ్యను ఈ పద్ధతిని ప్రదర్శించవచ్చు. ఖర్చు ఒక నోటు పుస్తకం మాత్రమే. దక్కేది చికిత్సకు కలిసివచ్చే ఒక రాత్రి సమయం.